ఉప్పుగాలిలో ఇనుప పనిముట్లకు మన్నికైన పూత: ఏ పనిముట్టుకు ఏది వాడాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇనుముకు శత్రువులు ఎక్కువ. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం వరకు, అక్కడి నుంచి పూసపాటిరేగ, భోగాపురం వరకు సముద్రపు గాలి ఏడాది పొడవునా ఉప్పును మోసుకొస్తుంది. జూన్ నుంచి నవంబరు వరకు గాలిలో తేమ తగ్గదు. అక్టోబరు, నవంబరులో తుపానుల భయం సరేసరి. పొలంలో వాడే ఎరువులు, మందులు, పశువుల మూత్రం కూడా ఇనుమును తింటాయి. అందుకే కొన్న రెండో ఏడాదికే స్ప్రేయర్ స్టాండు ఊడిపోవడం, కంచె తీగ చేత్తో వంచితే విరిగిపోవడం, పాక మీది రేకుకు చిల్లులు పడడం మన రైతులకు కొత్త కాదు.

తుప్పు పట్టాక కొత్తది కొనడం కంటే ముందుగా సరైన పూత వేయించడం చౌక. అయితే బజారులో పూతలు చాలా రకాలు దొరుకుతున్నాయి. రెడ్ ఆక్సైడ్, ఎనామిల్, ఎపాక్సీ, పౌడర్ కోటింగ్, జింకు ప్లేటింగ్, గాల్వనైజింగ్ ఇలా ఏది అడిగినా దుకాణదారు "ఇదే గట్టిది" అంటాడు. అన్ని పనిముట్లకూ సరిపోయే పూత ఒకటి లేదు. ఆ పనిముట్టు ఎలా అరుగుతుంది, ఎక్కడ నిలబడుతుంది, దేనితో తడుస్తుంది అనే మూడు ప్రశ్నలకు జవాబు చూసుకుని పూతను ఎంచుకోవాలి.

తుప్పు ఎందుకు పడుతుంది?

ఇనుముకు నీరు, గాలి రెండూ కలిస్తే తుప్పు పడుతుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే తుప్పు వేగం బాగా పెరుగుతుంది. ఉప్పు ఉన్నచోట అంత తేమ కూడా అక్కర్లేదు. ఉప్పు గాలిలోని తేమను తనవైపు లాక్కుని ఇనుము మీద కంటికి కనపడని తడిపొరను నిలబెడుతుంది. నౌపడ ఉప్పు మడుల దగ్గర ఇనుప గేటు ఎంత త్వరగా చెడిపోతుందో ఆ చుట్టుపక్కల రైతులకు చెప్పనక్కర్లేదు.

ఎరువుల్లో కూడా ఇదే గుణం ఉంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో దాదాపు సగం బరువు క్లోరైడే. మనం తినే ఉప్పులో ఇనుమును తినే భాగం కూడా అదే. అమ్మోనియం సల్ఫేటు తడిస్తే పుల్లబడి ఇనుమును కరిగిస్తుంది. ఎరువు చల్లిన పళ్ళెం, గొర్రు, సీడ్ డ్రిల్లు పెట్టెలను కడగకుండా మూల పెడితే తీర ప్రాంతమైనా, బొబ్బిలి, రాజాం వంటి లోతట్టు ప్రాంతమైనా ఫలితం ఒకటే.

బోర్డో మిశ్రమం సంగతి వేరు. 1 శాతం మిశ్రమానికి 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం వాడతాం. మైలుతుత్తం ద్రావణం ఇనుమును తాకితే అందులోని రాగి ఇనుము మీద ఎర్రగా పేరుకుంటుంది, ఇనుము ద్రావణంలోకి కరిగిపోతుంది. మిశ్రమం సరిగా కుదిరిందో లేదో చూడడానికి శుభ్రమైన కత్తిని ముంచి, ఎర్రపొర వస్తే ఇంకొంచెం సున్నం కలపాలని చెప్పేది ఇందుకే. ఈ మిశ్రమాన్ని ఇనుప డబ్బాలో గానీ, జింకు పూత ఉన్న బకెట్లో గానీ కలపకూడదు. ఏ పూతా దీనికి ఎక్కువ కాలం ఆగదు. ప్లాస్టిక్ డ్రమ్ములో గానీ మట్టి తొట్టెలో గానీ కలపండి.

మీ ఊరు ఏ వర్గంలోకి వస్తుంది?

గాలి ఇనుమును ఎంత తింటుందో కొలవడానికి ఐఎస్‌ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఇందులో సి1 నుంచి సి5 వరకు, ఆపైన సిఎక్స్ అని వర్గాలు ఉన్నాయి. సముద్రానికి దూరంగా, ఒక మోస్తరు తేమ ఉండే చోట్లు సి3లోకి వస్తాయి. ఉప్పుగాలి నేరుగా తగిలే తీరం సి4, సి5 వర్గాల్లోకి వస్తుంది.

సి3 వాతావరణంలో పూత లేని ఇనుము మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్ల మందం కోల్పోతుంది. సి5లో ఇది 80 నుంచి 200 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. జింకు మాత్రం సి3లో ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు, సి5లో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు మాత్రమే తగ్గుతుంది. అంటే ఇనుము కంటే జింకు ఇరవై రెట్లకు పైగా నెమ్మదిగా అరుగుతుంది. ఈ అంకెలు గుర్తుంచుకుంటే దుకాణంలో బేరం తేలికవుతుంది.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, గార మండలాల్లో సముద్రం పక్క పొలాలున్నవారు సి5 అనుకునే లెక్క వేసుకోండి. గజపతినగరం, బొబ్బిలి, రాజాం వైపు రైతులకు సి3 లెక్క సరిపోతుంది.

పూతలు, వాటి బలం, బలహీనత

1. నూనె, గ్రీజు: ఇది అన్నింటికంటే చౌక. గాలికి, తడికి అడ్డుగోడలా ఉంటుంది గానీ వానకు, రాపిడికి పోతుంది. మళ్ళీ మళ్ళీ పూయాలి. పదును ఉన్న పనిముట్లకు, మట్టిలో అరిగే భాగాలకు ఇంతకు మించిన మార్గం లేదు.

2. నల్ల ఆక్సైడ్ పూత: బోల్టులు, డ్రిల్ బిట్లు, కొన్ని స్పానర్ల మీద కనిపించే నల్లని రంగు ఇది. తుపాకీ గొట్టాల మీది నీలి నలుపు కూడా ఈ జాతిదే. చూడడానికి గట్టిగా ఉన్నా ఇది చాలా పలచన, దీనికదే తుప్పును ఆపలేదు. నూనెను పట్టి ఉంచడం వరకే దీని పని. నల్లగా ఉంది కదా అని నూనె మానేస్తే ఒక్క వానాకాలంలో తుప్పు తేలుతుంది.

3. ప్రైమర్, ఎనామిల్: ఊళ్ళో ఎవరైనా వేసుకోగల పూత. ఒక్కో కోటు ఎండాక 30 నుంచి 45 మైక్రాన్ల మందం మిగులుతుంది. ఇనుముకు పట్టుకునే పని ప్రైమరుది, వానను ఆపే పని పైరంగుది. చాలామంది రెడ్ ఆక్సైడ్ ఒక కోటు వేసి వదిలేస్తారు. రెడ్ ఆక్సైడ్‌కు సన్నని రంధ్రాలు ఉంటాయి, అది వానకు ఆగదు. పైన రెండు కోట్ల ఎనామిల్ లేకపోతే ప్రైమరుకు పెట్టిన డబ్బు వృథా.

4. ఎపాక్సీ: రెండు డబ్బాలుగా వస్తుంది, కలిపాక గంటల్లోనే వాడేయాలి. ఎనామిల్ కంటే గట్టిగా అంటుకుంటుంది, ఎరువులకు, మందులకు బాగా ఆగుతుంది. ఎండకు మాత్రం పైన సున్నంలా పొడి రాలుతుంది. బయట ఉండే వస్తువుకు ఎపాక్సీ ప్రైమరు వేసి, పైన పాలీయురెథేన్ రంగు వేయించాలి. మన పలాస, కాశీబుగ్గ జీడిపిక్కల తొక్కల నుంచి తీసే జీడినూనెలోని కార్డనాల్ అనే పదార్థంతో తయారైన గట్టిపరిచే మందులు ఓడలకు వాడే ఎపాక్సీ ప్రైమర్లలో కలుస్తాయి. అలాగని ముడి జీడినూనెను మీరే పనిముట్లకు పూయకండి. అది చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది.

5. పౌడర్ కోటింగ్: రంగు పొడిని విద్యుత్తుతో ఇనుముకు అంటించి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్ల మందం వస్తుంది. నునుపుగా, అందంగా ఉంటుంది. కానీ ఒక్కచోట గీత పడితే ఆ గీత నుంచి తుప్పు పూత కింద పాకుతుంది. పైకి రంగు బాగానే కనిపిస్తుంది, లోపల ఇనుము పోతుంది. పవర్ వీడర్లు, బ్రష్ కట్టర్ల హ్యాండిళ్ళకు ఇది సరిపోతుంది. రాళ్ళు తగిలే భాగాలకు పనికిరాదు.

6. జింకు ప్లేటింగ్: విద్యుత్తుతో వేసే పలచని పూత, సాధారణంగా 5 నుంచి 12 మైక్రాన్లు ఉంటుంది. బోల్టులు, నట్లు తెల్లగానో పసుపుగానో మెరుస్తూ ఉంటే ఇదే. సి5 లెక్కన ఏడాది, మహా అయితే రెండేళ్ళు ఆగుతుంది. ఇంటి లోపలికి మంచిది, సముద్రపు ఒడ్డున చాలదు.

7. హాట్ డిప్ గాల్వనైజింగ్: వస్తువును యాసిడ్‌లో శుభ్రం చేసి, సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచుతారు. జింకు ఇనుముతో కలిసిపోయి పొరలుగా అతుక్కుంటుంది. 5 మిల్లీమీటర్లు, ఆపై మందం ఉన్న ఇనుముకు ఐఎస్ 4759 ప్రకారం చదరపు మీటరుకు 610 గ్రాముల జింకు ఉండాలి. అది సుమారు 85 మైక్రాన్లు. సి5 లెక్కన 10 నుంచి 20 ఏళ్ళు వస్తుంది. దీనికి ఇంకో గొప్ప గుణం ఉంది. చిన్న గీత పడినా చుట్టూ ఉన్న జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. రంగుకు ఈ గుణం లేదు.

ఏ పనిముట్టుకు ఏ పూత?

కొడవలి, కత్తి, గొడ్డలి, కొబ్బరి కత్తి, బొరిగె: వీటికి నూనె పూత మాత్రమే. కమ్మరి కొలిమిలో కాల్చి నీటిలో ముంచి ఇచ్చిన గట్టిదనమే వీటి ప్రాణం. జింకులో ముంచితే 450 డిగ్రీల వేడికి ఆ గట్టిదనం పోయి ఇనుము మెత్తబడుతుంది, ఇక పదును నిలవదు. పౌడర్ కోటింగ్ వేడి కూడా కొన్ని ఉక్కులకు మంచిది కాదు. పని అయ్యాక జిగురు, రసం తుడిచి, ఎండబెట్టి, పలచగా ఆముదం రాయండి. ఆముదం చిక్కగా ఉండి ఇనుమును పట్టుకుంటుంది, తొందరగా జారదు. కొబ్బరి నూనె కూడా పనికొస్తుంది, కానీ త్వరగా తుడిచిపోతుంది. ఆకుకూరలు, పశుగ్రాసం, కొబ్బరికాయలు కోసే కత్తులకు వాడేసిన ఇంజిన్ ఆయిల్ రాయకండి. అందులో ఆమ్లాలు, లోహపు రజను ఉంటాయి. అవి ఇనుముకూ మేలు చేయవు, తిండిలోనూ కలుస్తాయి.

నాగలి కర్రు, కల్టివేటర్ కొనలు, రోటవేటర్ బ్లేడ్లు, పార, గునపం: మట్టిలో అరిగే ఈ భాగాలకు రంగు వేయడం డబ్బు దండగ. మొదటి సాలుకే రంగు పోతుంది. దున్నడం అయ్యాక మట్టిని గీకి, మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టండి. తర్వాతి దుక్కి నెలలోపు ఉంటే నూనె చాలు. సీజన్ అంతా పక్కన పెట్టాల్సి వస్తే గ్రీజు మందంగా రాసి, ప్లాస్టిక్ సంచి చుట్టకుండా, నేలకు తగలకుండా చెక్కల మీద పెట్టండి. ప్లాస్టిక్ చుడితే లోపల చెమ్మ పడుతుంది.

కల్టివేటర్ ఫ్రేము, ట్రాలీ, బండి ఇరుసు, స్ప్రేయర్ స్టాండు: ఇవి మట్టిలో అరగవు గానీ దెబ్బలు తింటాయి, ఎరువులతో తడుస్తాయి. ఎపాక్సీ ప్రైమరు ఒక కోటు, పైన రెండు కోట్లు రంగు వేయండి. ఎపాక్సీ కుదరకపోతే జింకు ఫాస్ఫేటు కలిసిన రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, పైన రెండు కోట్ల ఎనామిల్ వేయండి. ఏటా గీతలు పడినచోట మాత్రమే గీకి దిద్దుకుంటే మొత్తం మళ్ళీ వేయాల్సిన అవసరం రాదు.

కంచె స్తంభాలు, గేటు, పందిరి గుంజలు, మంచె, నిచ్చెన: ఏడాది పొడవునా బయట నిలబడే ఇవి హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు సరైనవి. దొండ, బీర, సొర పందిళ్ళు వేసే రైతులకు ఇది ముఖ్యం. మొదట ఖర్చు ఎక్కువైనా ఏటా రంగు వేసే కూలి ఉండదు. ఇది ఊళ్ళో చేసే పని కాదు. వెల్డింగ్ పూర్తయ్యాక వస్తువును యూనిట్‌కు పంపాలి, వాళ్ళు బరువును బట్టి డబ్బు తీసుకుంటారు. నలుగురు రైతులు కలిసి ఒక లోడు పంపితే రవాణా ఖర్చు తగ్గుతుంది. గొట్టాలు, పెట్టె ఆకారపు చట్రాలు పంపేటప్పుడు గాలి పోవడానికి రంధ్రాలు తప్పకుండా పెట్టించండి. మూసి ఉన్న గొట్టం కరిగిన జింకులో మునిగితే లోపలి తేమ ఆవిరై పేలిపోతుంది.

ముళ్ళకంచె: ముళ్ళ తీగకు ఐఎస్ 278 ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఈ నంబరు చూడండి, జింకు పూత మందం ఎంతో అడగండి. తీర ప్రాంతంలో పలచని పూత తీగ కొనడం వల్ల వచ్చే పొదుపు రెండేళ్ళలో పోతుంది.

పాక, షెడ్డు రేకులు: గాల్వనైజ్డ్ రేకుల ప్రమాణం ఐఎస్ 277. దుకాణంలో "120 జిఎస్ఎం", "275 జిఎస్ఎం" అంటారు. చదరపు మీటరు రేకుకు రెండు వైపులా కలిపి ఉన్న జింకు గ్రాములు ఇవి. 120 అంటే ఒక్కో వైపు సుమారు 8 మైక్రాన్లు, 275 అంటే సుమారు 19 మైక్రాన్లు. సి5 లెక్కన 120 రేకుకు ఏడాది నుంచి రెండేళ్ళలో జింకు అయిపోతుంది. 275 రేకుకు రెండు నుంచి నాలుగేళ్ళకు పైగా పడుతుంది. అదే సి3లో 120 రేకు 4 నుంచి 12 ఏళ్ళు, 275 రేకు 9 ఏళ్ళ నుంచి పాతికేళ్ళ వరకు వస్తుంది. సముద్రం పక్కన ఉన్నవారు 275 రేకు మీద రంగు పూత కూడా ఉన్నది తీసుకోవడం మంచిది. రేకుల మందం ఒకటే అయినా జింకు వేరుగా ఉండవచ్చు. అందుకే "ఎన్ని మిల్లీమీటర్లు" అని మాత్రమే అడగకుండా "ఎన్ని జిఎస్ఎం" అని కూడా అడగండి.

మోటారు, స్టార్టర్ పెట్టె: బయటి భాగానికి ఎనామిల్ వేయవచ్చు. ఎర్తింగ్ తీగ బిగించే చోట మాత్రం రంగు పడకూడదు. రంగు పడితే ఎర్త్ అందదు, షాక్ కొడుతుంది. అక్కడ లోహం మెరిసేలా గీకి, బోల్టు బిగించాక పైన గ్రీజు రాయండి. స్టార్టర్ పెట్టె అడుగు తుప్పు పట్టి తెరుచుకుంటే వెంటనే మార్చండి. తుప్పు పట్టిన పెట్టె, తడి చేయి కలిస్తే ప్రాణం పోతుంది.

స్ప్రేయర్ లాన్స్, నాజిల్, మందుల కొలత గ్లాసులు: వీటికి పూత కంటే వస్తువు మార్చుకోవడమే మంచిది. ఇత్తడి, ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకానికి సముద్రపు ఉప్పు తగిలితే గుంటలు పడతాయి. 316 రకం దానికంటే బాగా ఆగుతుంది, ధర ఎక్కువ.

పూతకు ముందు చేయాల్సిన పని

మంచి రంగు పెట్టి కూడా ఆరు నెలల్లో పొక్కులు వచ్చాయంటే చాలాసార్లు లోపం రంగుది కాదు. కింద ఉన్న ఉప్పుది. ఉప్పు కడగకుండా వేసిన రంగు కింద నీటిని లాక్కుని పొక్కుతుంది. ఈ క్రమంలో చేయండి.

మొదట మంచినీళ్ళతో కడగాలి. తీరంలో కొన్ని బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగితే ఉప్పు మిగిలిపోతుంది. చివరిసారి వాన నీటితో గానీ చెరువు నీటితో గానీ కడగండి. గ్రీజు ఉంటే సబ్బు పొడి నీళ్ళతో తీసేయండి.

తర్వాత వైరు బ్రష్షు, ఎమెరీ కాగితంతో వదులు తుప్పు మొత్తం పోయేదాకా గీకండి. పాత రంగు గట్టిగా ఉన్నచోట అంచులు నునుపు చేస్తే చాలు. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మార్చే మందు రాసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి తుడవండి. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లగా మారే సంగతి మన పెద్దలకు సిరా తయారీలో తెలిసిందే. కొన్ని తుప్పు మార్చే మందుల్లో ఇదే జాతి పదార్థం ఉంటుంది.

పొడి చేశాక అదే రోజు ప్రైమరు వేయాలి. రాత్రి వదిలేస్తే ఉదయానికి కొత్త తుప్పు తేలుతుంది. రంగు పనికి జనవరి నుంచి మార్చి వరకు మన జిల్లాల్లో మంచి కాలం. మంచు ఆరిన తర్వాత, ఉదయం తొమ్మిది, పది గంటలకు మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి బలపడేలోపు ముగించండి. రెండో కోటు మర్నాడు వేస్తే, తీరం దగ్గరున్నవారు మొదటి కోటును తడి గుడ్డతో తుడిచి, ఆరాకే వేయండి. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు రంగు వేయవద్దు.

లీటరు రంగును పలచగా ఎక్కువ దూరం లాగడం పొదుపు కాదు. లీటరును 10 చదరపు మీటర్లకు పరిస్తే తడిగా 100 మైక్రాన్లు ఉంటుంది. ఆరాక అందులో సగం కంటే తక్కువే మిగులుతుంది. 20 చదరపు మీటర్లకు లాగితే మిగిలేది ఇరవై మైక్రాన్లు, అది వానాకాలం గడవదు. అంచులు, వెల్డింగ్ అతుకులు, బోల్టు తలల మీద పూత పలచబడుతుంది. అక్కడ ముందుగా బ్రష్షుతో ఒకసారి అదనంగా వేసి, ఆపైన మొత్తం వేయండి.

కొత్త గాల్వనైజ్డ్ వస్తువు మీద మామూలు ఎనామిల్ నేరుగా వేయకండి. జింకుతో కలిసి ఆ రంగు అడుగున సబ్బులా మారి, పెచ్చులుగా లేచిపోతుంది. గాల్వనైజ్డ్ వస్తువులకు ప్రత్యేకంగా ఎచ్ ప్రైమరు లేదా ఎపాక్సీ ప్రైమరు అడిగి తీసుకోండి.

దుకాణంలో మోసపోకుండా

వెండి రంగులో ఉన్నదంతా గాల్వనైజింగ్ కాదు. అల్యూమినియం రంగు కొట్టి "జింకు పూత" అని అమ్మేవారు ఉన్నారు. గుడ్డకు థిన్నరు తడిపి గట్టిగా రుద్దండి. రంగైతే గుడ్డకు అంటుతుంది, గాల్వనైజింగ్ అంటదు. హాట్ డిప్ చేసిన వస్తువు అంచుల్లో జింకు గడ్డకట్టిన చుక్కలు, కొన్నిసార్లు పూలలాంటి మచ్చలు కనిపిస్తాయి. వెల్డింగ్ అతుకుల మీద కూడా అదే పూత ఉండాలి. అతుకుల దగ్గర మాత్రమే వేరే రంగు కనిపిస్తే గాల్వనైజ్ చేశాక వెల్డింగ్ చేశారని అర్థం. అక్కడ పూత కాలిపోయి ఉంటుంది, ముందుగా తుప్పు పట్టేది కూడా అక్కడే.

బిల్లు మీద ఐఎస్ నంబరు, జిఎస్ఎం లేదా మైక్రాన్లు రాయించుకోండి. రేకులు, తీగలు తడిసిన స్థితిలో ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటే తెల్లని పొడి కనిపిస్తుంది. ఇది జింకు చెడుతున్న గుర్తు. అలాంటివి తీసుకోవద్దు. మీరు తెచ్చుకున్నాక కూడా రేకుల మధ్య గాలి ఆడేలా పెట్టండి.

ఆరోగ్యం జాగ్రత్త

గాల్వనైజ్డ్ ఇనుమును వెల్డింగ్ చేస్తే తెల్లని పొగ వస్తుంది. ఆ పొగ పీల్చితే సాయంత్రానికి చలి జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. అతుకు చుట్టూ జింకును ముందుగా గీకి, గాలి ఆడే చోట పని చేయించండి. కొన్ని పాత ప్రైమర్లలో జింకు క్రోమేటు, పాత రంగుల్లో సీసం ఉంటాయి. వాటిని పొడిగా గీకి ఎగరగొట్టవద్దు. నీళ్ళతో తడిపి గీకండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. పశువుల తొట్టెలకు, ధాన్యం గాదెలకు లోపలి వైపు సీసం ఉన్న ఎర్ర సిందూరం రంగు వాడకండి.

తుపాను, వరద తర్వాత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటాయి. అలాంటి గాలిలో సముద్రపు తుంపర మామూలు రోజుల కంటే చాలా లోపలికి వస్తుంది. తుపాను వెళ్ళిన మర్నాడే పనిముట్లను, మోటారు పైభాగాన్ని, ట్రాలీని, రేకులను మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఉప్పు ఎండి గట్టిపడితే వానకు కరిగి లోపలికి పోతుంది. ముంపులో మునిగిన మోటారును మాత్రం ఎలక్ట్రీషియన్ పరీక్షించేదాకా స్విచ్ వేయవద్దు. సరుకు ఉన్న గదుల్లో ముందుగా పదును పనిముట్లు చూసుకుని, తర్వాత బోల్టులు, గొలుసులు, బేరింగులకు నూనె పెట్టండి.

ఏడాది పట్టిక

ఏరువాకకు ముందు, అంటే మే చివరలో, అన్ని పనిముట్ల నూనె తుడిచి, బోల్టులు బిగించి, పదును పెట్టించుకోండి. దసరా ఆయుధపూజ నాడు పసుపు, కుంకుమ, నీళ్ళు, కొబ్బరి నీళ్ళు ఇనుము మీద పడతాయి. పూజ అయ్యాక మర్నాడు తుడిచి నూనె రాయండి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ముగిసే నాటికి తుపాను కాలం మొదలైపోతుంది. ఆలోపే గేట్లు, షెడ్లలో గీతలు పడిన చోట్ల రంగు దిద్దుకోండి. సంక్రాంతికి కోతలు, నూర్పిళ్ళు ముగిశాక జనవరి నుంచి మార్చి మధ్య పెద్ద రంగు పనులు పెట్టుకోండి. ఎరువు లేదా మందు వాడిన ప్రతి సాయంత్రం కడగడం మాత్రం ఏడాది పొడవునా తప్పనిసరి.

కొనే ముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. ఇది మట్టిలో అరుగుతుందా? అయితే నూనె. దీనికి పదును ఉందా? అయితే నూనె. బయట ఏడాదంతా నిలబడుతుందా? అయితే హాట్ డిప్ గాల్వనైజింగ్. దెబ్బలు, ఎరువులు తగులుతాయా? అయితే ఎపాక్సీ, పైన రంగు. మందుల ద్రావణం నిలవ ఉంటుందా? అయితే ఇనుమే వద్దు. తీరానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మందపు పూత. ఈ లెక్క తెలిస్తే దుకాణంలో ఏది గట్టిదో మీరే చెప్పగలరు.